డ్రైవరు సీటు కింద ఉప్పు మూట

రిటైరయ్యాక నన్ను కలిసినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ఇన్నేళ్ళలో ఎన్ని కార్లకు రంగులు వేయించారు కరీం గారూ?" అని. రంగు మా పనిలో ఆఖరి ఘట్టం. అసలు పని అంతకు చాలా ముందే జరిగిపోతుంది. ఒక కుటుంబం తమ పాత కారు పక్కన నిలబడి, తుప్పు పట్టిన చోటు వేలితో చూపించి, "చేయిద్దామా, వదిలించుకుందామా, మీరే చెప్పండి" అంటుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమే నా ఉద్యోగం. విజయవాడ ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డులో మొదలుపెట్టి, పటమటలో ఒక పెద్ద వర్క్‌షాపులో బాడీ షాపు మేనేజరుగా దిగిపోయేదాకా నేను చేసింది అదే.

పాలిటెక్నిక్ చదువుకుని ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఎస్టిమేట్లు ఎలా వేయాలో, ఇన్సూరెన్సు వాళ్ళతో ఎలా మాట్లాడాలో మీకు అక్కడే ఎవరో ఒకరు నేర్పుతారు. నేను భయం గురించి చెబుతాను. నాకు స్వతహాగా భయం ఎక్కువ. గ్యాసు కట్టామో లేదో అని వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చే మనిషిని. మా ఆవిడ దీని మీద ఎన్ని జోకులు వేసిందో లెక్కలేదు. కానీ ఈ వృత్తిలో నా డిప్లొమా కన్నా ఆ భయమే నాకు ఎక్కువ అన్నం పెట్టింది.

ముందు మ్యాటు, తర్వాత నోరు

నా మొదటి యజమాని వీర్రాజు గారు. మనిషి లావు, గొంతు అంతకు రెండింతలు. చేరిన కొత్తలో ఒక కారు చుట్టూ తిరిగి, తలుపు అంచున నాలుగు మచ్చలు చూసి, "పెద్ద పనేం కాదండీ" అని కస్టమరుకు చెప్పేశాను. ఆయన నన్ను షెడ్డు వెనక్కి తీసుకెళ్ళారు.

"ఒరే కరీం, ముందు మ్యాటు ఎత్తు, తర్వాత నోరెత్తు. పైనుంచి చూసి చెప్పడానికి నువ్వేమన్నా చెయ్యి చూసి జాతకం చెబుతున్నావా?"

ఆ మాట నా చెవిలో అలా ఉండిపోయింది. కారుకు తుప్పు రెండు రకాలుగా వస్తుంది. తలుపు, బానెట్టు, డిక్కీ మూత, ఇవన్నీ ఒంటి మీద చర్మం. వీటికి చిల్లు పడితే వాన నీళ్ళు లోపలికి వస్తాయి, చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, అంతే. కింద ఫ్లోరు, తలుపుల కింద పొడుగునా ఉండే పట్టీ, సీట్లు బిగించే ఛానల్, ఇవి ఎముకలు. వీటిని తుప్పు తింటే బండి చూడ్డానికి బాగానే ఉంటుంది, లోపల కూర్చున్న మనిషికే గ్యారంటీ ఉండదు. జనం చర్మం చూసి కంగారు పడతారు, ఎముకల సంగతి అడగరు. అడగని దాని గురించి భయపడటం మీ పని.

మన కృష్ణా డెల్టాలో తుప్పుకు కారణాలు కూడా మనవే. రైసుమిల్లుల దగ్గర తిరిగే కార్లలో తలుపు కింద నీళ్ళు పోయే సన్నని కంతల్లో ఊక పేరుకుపోతుంది. నీళ్ళు బయటికి పోక, తలుపు లోపలినుంచే కుళ్ళుతుంది. అవనిగడ్డ వైపునుంచి రొయ్యల వ్యాపారి ఒకాయన వచ్చేవాడు. ఐసు పెట్టెలు డిక్కీలో వేసుకుని తిరిగేవాడు. "నా బండి ఎప్పుడూ నీడలోనే ఉంటుందండీ, అసలు తడవదు" అని ప్రమాణం చేసేవాడు. డిక్కీలో స్పేర్ టైరు ఎత్తితే కింద చిన్న చెరువు, చెరువులో ఒక రొయ్య. ఆయనే ముందు నవ్వాడు, తర్వాత నేను నవ్వాను.

కస్టమరు అబద్ధం ఆడతాడని నేను అనను. తన బండి గురించి తనకు ఇష్టమైన నిజమే చెబుతాడు. మీరు మ్యాటు ఎత్తండి.

పైన పటారం

వీర్రాజు గారికి అన్నీ తెలుసు. ఒక్క "కాదు" అనడం మాత్రం తెలియదు. మొహమాటం మనిషి. ఒకసారి ఆయన బాగా ఎరిగిన గుడివాడ కస్టమరు ఒకాయన పాత కారు తెచ్చాడు. తలుపుల కింది పట్టీ లోపలంతా బోలు. కోసి కొత్త రేకు వేయాలి. "ఇంట్లో శుభకార్యం ఉంది, ఈ వారంలో కావాలి, పైపైన సరిచేసి ఇచ్చేయండి, తర్వాత తీరిగ్గా చేయిద్దాం" అన్నాడాయన. నేను వద్దన్నాను. వీర్రాజు గారు తల గోక్కుని, "తర్వాత చేద్దామంటున్నారు కదరా" అన్నారు. బోలు మీద పుట్టీ నింపి, గీకి, నున్నగా చేసి, రంగు కొట్టాం. పైన పటారం, లోన లొటారం. బండి కొత్త పెళ్ళికొడుకులా వెళ్ళింది.

తర్వాత అనే రోజు రాలేదు. వానాకాలం వెళ్ళాక హనుమాన్ జంక్షన్ దాటి రోడ్డు పక్కన ఆ బండికి పంచరయింది. డ్రైవరు జాకీ పెట్టి లేపాడు. జాకీ పట్టీలోంచి పైకి దూసుకుపోయింది, బండి ఊడదీసిన చక్రం వైపు కూలబడింది. అతను చేతులు సమయానికి లాక్కున్నాడు కాబట్టి వేళ్ళు మిగిలాయి. ఆ కబురు తెలిసిన రోజు వీర్రాజు గారు అన్నం క్యారియరు విప్పలేదు. సాయంత్రం వెళ్ళేటప్పుడు మాత్రం, "జాకీ కాబట్టి సరిపోయింది. రోడ్డు మీద గుద్దుకుని ఉంటే?" అని అడిగారు. నన్నో, తనను తానో నాకు తెలియదు. ఆ తర్వాత ఆ షెడ్డులో ఎముకల మీద పుట్టీ పడలేదు.

పుట్టీ అబద్ధం కాదు. సొట్టకు పుట్టీ పెట్టాలి. చిల్లుకు పుట్టీ పెట్టినవాడు మాత్రం ఎవరి వేళ్ళతోనో పందెం కాస్తున్నాడని గుర్తు పెట్టుకోండి.

కంకిపాడు తెల్ల బండి

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. పటమట వర్క్‌షాపులో నా ఆఖరి రోజుల సంగతి.

ఒక పొద్దున కంకిపాడునుంచి భారతమ్మ గారు వచ్చారు. అరవై దాటిన మనిషి. పాత తెల్ల కారు, చిన్నది, తానే నడుపుకుంటూ వచ్చారు. ఆవిడ మాకు పాత కస్టమరే. నన్ను మొదటినుంచీ అన్నయ్యగారూ అనే పిలిచేవారు. దాంతో ఆవిడ భర్త రాఘవరావు గారు నన్ను బావగారూ అనేవారు. ఆయన ఒకప్పుడు రైసుమిల్లులో భాగస్తుడు, మంచి మాటకారి. కొంతకాలంగా కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు విజయవాడలో డయాలసిస్ చేయించుకుంటున్నారు. ఆ రోజు కూడా ఆయన్ని ఆసుపత్రిలో దించి, ఆ ఖాళీలో మా దగ్గరికి వచ్చారావిడ.

"అన్నయ్యగారూ, నా వైపు తలుపు కింద రంగు ఉబ్బిందండీ. కాస్త టచింగ్ చేసి ఇచ్చేయండి. ఒంటిగంటకల్లా ఆయన్ని తీసుకెళ్ళాలి."

"అలాగేనమ్మా. ఇంకేమన్నా ఇబ్బంది ఉందా బండిలో?"

"ఏముందండీ, బంగారం. ఈ మధ్య బ్రేకు కొడితే సీటు కొంచెం ముందుకు ఒరుగుతోంది. నేనే లావయ్యానేమోనని రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తింటున్నా."

ఆవిడ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. సీటు ఒరగడం లావు వల్ల రాదు.

సీటు వెనక్కి జరిపి మ్యాటు ఎత్తాను. కింద ఎర్రగుడ్డ మూట ఒకటి, చుట్టూ తడి. విప్పితే రాళ్ళ ఉప్పు, పటిక ముక్క, ఎండిపోయిన నిమ్మకాయ, రెండు ఎండు మిరపకాయలు. దిష్టి మూట. మన వైపు కార్లలో చాలామంది పెట్టుకుంటారు. మా అమ్మ కూడా నాకు జ్వరమొస్తే ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేది, కాబట్టి నాకు దాంతో పేచీ లేదు. పేచీ ఆ తడితో. ఉప్పు గాలిలో తేమను పీల్చుకుంటుంది. మన డెల్టాలో తేమకు కరువేముంది? పీల్చుకుని, కరిగి, ఉప్పునీరై గుడ్డలోంచి కారి, మ్యాటు కింద ఎప్పటికీ ఆరకుండా నిలబడి ఉంది.

స్క్రూడ్రైవరు తీసుకుని ఫ్లోరు మీద నొక్కాను. పెద్దగా బలం పెట్టలేదు. పిడిదాకా దిగబడింది. బయటికి లాగితే ఆ చిల్లులోంచి కింద వర్క్‌షాపు సిమెంటు గచ్చు కనపడింది. సీటు బిగించిన ఛానల్‌కు బోల్టులు నాలుగు ఉండాలి. ముందువి రెండూ తుప్పు పొరల్లో ఊరికే నిలబడి ఉన్నాయి, రేకును పట్టుకుని లేవు. బెల్టు కొక్కెం కూడా ఆ ఛానల్ మీదే ఉంది. ఈవిడ ఈ సీటులో కూర్చుని, పక్కన రోగిని పెట్టుకుని, లారీల మధ్య కంకిపాడునుంచి రోజు విడిచి రోజు వస్తున్నారు. గట్టిగా ఒక్క బ్రేకు చాలు. సీటు పట్టుకుని కాసేపు అలాగే వంగి ఉన్నాను.

"ఏవిటండీ, అంతసేపు చూస్తున్నారు?" అన్నారావిడ వెనకనుంచి.

మూట సంగతి ఎత్తలేక నీళ్ళు నమిలాను. "తుప్పమ్మా. నీళ్ళు చేరాయి. ఈ బండి ఇప్పుడు మీరు తీసుకెళ్ళకూడదు."

"అదేంటండీ! ఆయన్ని ఎలా తీసుకురాను?"

"మా బండి, మా డ్రైవరు వస్తాడు. నేనూ వస్తాను."

ఆవిడ మొహంలో రంగు పోయింది. కారు పోయిందని కాదు. ఎల్లుండి ఎలా, ఆపై రోజు ఎలా అని.

బావగారి మాట

ఆసుపత్రిలో భారతమ్మ గారు మందులు తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు రాఘవరావు గారు, నేను ఒక బల్ల మీద కూర్చున్నాం. డయాలసిస్ అయిన మనిషి పిండేసిన బట్టలా ఉంటాడు. అయినా నా మొహం చూసి అడిగేశారు.

"ఉప్పే కదా బావగారూ?"

"మీకు తెలుసా?"

"రైసుమిల్లు నడిపినవాణ్ణి. ఉప్పు బస్తా ఆనించిన రేకు ఏమవుతుందో తెలీదా? నేను జబ్బు పడిన కొత్తలో పెట్టింది ఆ మూట. అమావాస్య అమావాస్యకీ కొత్తుప్పు. పాతది కరిగిపోయి ఉంటే దిష్టంతా లాగేసిందని మీ చెల్లెలికి ఎంత సంతోషమో. ఆ వారం నా రిపోర్టు కాస్త బాగుందంటే ఇంక చెప్పక్కర్లేదు. నేనింకా లేచి తిరుగుతున్నది ఆ మూట చలవేనని నమ్ముతుంది. ఆ ఒక్క ధైర్యం కూడా లాక్కోవడం ఎందుకని ఊరుకున్నా. కింద కొంచెం తుప్పు పడితే పడుతుందిలే అనుకున్నా."

"కొంచెం కాదండీ. సీటు ఊడొచ్చేలా ఉంది."

 ఆయన సూది గుచ్చిన చోట కట్టిన ప్లాస్టరు మీద వేలితో రాస్తూ కూర్చున్నారు.

"అంతదాకా వచ్చిందని తెలీదు. ఒట్టు. తనే పోయేదేమో కదండీ." తర్వాత నా చెయ్యి పట్టుకున్నారు. "బండి బాగు చెయ్యండి. ఎందుకు పాడైందో మాత్రం మీ చెల్లెలికి చెప్పకండి."

సరేనని తలూపాను. అలాంటప్పుడు ఎవరైనా తలూపుతారు.

చేయిద్దామా, వదిలించుకుందామా

మా యజమాని ప్రసాద్ గారు చదువుకున్న మనిషి, చెడ్డవాడు కాదు. ఫోటోలు చూసి, "చేయనని చెప్పేయండి కరీం గారూ. ముసలి బండి. మనం అతికించాక రేపేదన్నా అయితే మన పేరు బయటికొస్తుంది. ఎక్స్ఛేంజ్‌లో పడేసి కొత్తది తీసుకోమనండి" అన్నారు.

ఆయన మాటలో సగం న్యాయం ఉంది. ఆయనదీ భయమే. పిల్లలూ, మీకు ఇలాంటి యజమానులే ఎక్కువ దొరుకుతారు. వాళ్ళతో పోట్లాడకండి. వాళ్ళ భయం వర్క్‌షాపు గురించి, మీ భయం బండిలో కూర్చునేవాళ్ళ గురించి. రెండోది మీరు పడకపోతే ఇంకెవరూ పడరు.

కొత్త కారు సంగతి నేనే భారతమ్మ గారితో మాట్లాడాను. ఆవిడ చెప్పింది విన్నాక అది అంత సులువు కాదని తెలిసింది. ఆవిడ డ్రైవింగు నేర్చుకుంది భర్త మంచాన పడ్డాకే. నేర్పింది ఆయనే, నేర్చుకుంది ఈ బండి మీదే. "నా కాలికి ఈ క్లచ్చు తప్ప ఇంకోటి తెలీదండీ. మా తమ్ముడి కారు ఒకసారి తీశాను, కాలవగట్టు మీద ఆగిపోయింది, వెనక ట్రాక్టర్లు, ఏడుపొచ్చేసింది" అన్నారు. ఇప్పుడొచ్చే బండ్లు ఎత్తు కూడాను. డయాలసిస్ అయ్యాక రాఘవరావు గారు కాలు పైకెత్తి ఎక్కలేరు. ఈ చిన్న బండి సీటులో మాత్రం అలా జారగిలబడి కూర్చుంటారు. ఆ ఇంట్లో బండి మారడం అంటే సంతలో ఎద్దును మార్చినట్టు కాదు. అలవాటు పడేలోపు ఎన్నిసార్లు ఆసుపత్రికి వెళ్ళాలి!

బండిని ర్యాంపు మీదికి ఎత్తించాను. ఒక పూటంతా దాని కింద నిలబడి ప్రతి అంగుళం కొట్టి చూశాను. మంచి రేకు సుత్తి పిడితో కొడితే ఖణేల్ మంటుంది, కుళ్ళినది బొద్దుమంటుంది. డ్రైవరు వైపు ఫ్లోరు, ఛానల్, పట్టీలో ఒక మూర మేర బొద్దుమన్నాయి. మిగతాదంతా ఖణేల్ మంది. ఎడమ వైపు, రాఘవరావు గారు కూర్చునే వైపు, ఫ్యాక్టరీ పూత కూడా చెరగలేదు. అక్కడే నేను నిర్ణయం తీసుకున్నాను. ఏ పాత బండి విషయంలోనైనా ఈ లెక్క పెట్టుకోండి. తుప్పు ఒకచోట ఉండి, కారణం దొరికితే బాగు చేయండి. నాలుగు చోట్ల ఉండి, కారణం దొరక్కపోతే ఎవరు ఎంత బతిమాలినా చేయకండి.

"బాధ్యత నాది" అని ప్రసాద్ గారితో అన్నాను. అన్నాక ఇంటికి వెళ్ళి అన్నం సరిగా తినలేదు. ఆ మాట అనడం తేలిక.

మా టింకరు నాగేశు కుళ్ళిన భాగమంతా కోసి పడేశాడు. కోస్తూ కోస్తూ మంచి రేకు తగిలేదాకా వెళ్ళమన్నాను. "ఇంకా కోస్తే బండి మిగలదండీ" అని విసుక్కున్నాడు. విసుక్కున్నా కోశాడు. కొత్త ఛానల్ వేశాం, కొత్త ఫ్లోరు రేకు వేశాం. పుట్టీ డబ్బా ఆ వైపుకే రానివ్వలేదు. లోపలా బయటా నల్ల పూత కొట్టించాం. ఆ రోజుల్లో మా బండిలో మా డ్రైవరే వాళ్ళని ఆసుపత్రికి తిప్పాడు. ప్రసాద్ గారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. అందుకే చెడ్డవాడు కాదన్నాను.

పనయ్యాక నేనే ఆ సీటులో కూర్చుని ఖాళీ రోడ్డు మీదికి తీసుకెళ్ళాను. వేగం పట్టాక గుండె చిక్కబట్టుకుని బ్రేకు నొక్కాను. టైర్లు కీచుమన్నాయి. సీటు కదల్లేదు. మళ్ళీ వెళ్ళి మళ్ళీ కొట్టాను. ఎన్నిసార్లని అడక్కండి. పక్కన గేదెలు తోలుకెళ్తున్న ఒకాయన ఆగి, "బండి తాగిందా, నువ్వు తాగావా?" అని అడిగాడు.

చెప్పాలా, వద్దా

బండి తీసుకెళ్ళే రోజు భారతమ్మ గారు మళ్ళీ ఒక్కరే వచ్చారు. ఆయన ఆసుపత్రిలో ఉన్నారు. సీటు పట్టుకుని ఊపి చూసుకుని, "గోడలా ఉందండీ" అని మురిసిపోయారు. తర్వాత హ్యాండుబ్యాగు తెరిచి కొత్త ఎర్రగుడ్డ మూట బయటికి తీశారు. మర్నాడు అమావాస్య.

"రేపటికల్లా ఉండాలని తెచ్చానండీ. ఇది పెట్టేసి బయల్దేరతాను."

నాకు రాఘవరావు గారి చెయ్యి గుర్తొచ్చింది. ఆవిడ సీటు వెనక్కి జరిపి, మ్యాటు అంచు ఎత్తుతున్నారు. నేను మాట ఇచ్చింది నిజం. కానీ ఆ మూట అక్కడ పెట్టాక మేం వేసిన రేకూ అలాగే పోతుంది, అప్పుడు మ్యాటు ఎత్తి చూడ్డానికి నేనుండను. ఎవరికిచ్చిన మాట ఎవరి ప్రాణం కన్నా ఎక్కువ?

"అమ్మా, ఆగండి. బండిని తిన్నది ఆ ఉప్పే."

చెప్పేశాను. తేమ, తడి, రేకు, బోల్టులు, అంతా. కరగడం దిష్టి వల్ల కాదనీ గాలిలో చెమ్మ వల్లననీ కూడా చెప్పాను. రాఘవరావు గారికి తెలిసిన సంగతి మాత్రం చెప్పలేదు, అది ఆయన చెప్పుకోవలసింది. చెబుతున్నంతసేపూ ఆవిడ మూట రెండు చేతులతో పట్టుకుని వింటున్నారు. ఏడుస్తారేమో, కోప్పడతారేమో అనుకున్నాను. మా మతాలు వేరు కాబట్టి తప్పుగా అనుకుంటారేమోనన్న భయం కూడా లేకపోలేదు.

"ఆయన సీటు కింద ఎలా ఉందండీ?" అని అడిగారు.

"అటువైపు చెక్కు చెదరలేదమ్మా. కొత్త బండిలా ఉంది."

ఆవిడ మొహం విప్పారింది. "అయితే పనిచేసినట్టేగా అన్నయ్యగారూ! వచ్చేదేదో నా వైపు రావాలనే కదండీ నా సీటు కింద పెట్టుకున్నది."

 ఇన్నేళ్ళలో ఎంతమంది కస్టమర్లతో వాదించానో. ఈ జవాబు ఎవరూ చెప్పలేదు.  ఆవిడ మళ్ళీ మ్యాటు ఎత్తబోయారు. అప్పుడు నాకు తెలిసిన ఒకే ఒక్క మాట, నా వృత్తి నాకు నేర్పిన మాట, నోటికొచ్చింది.

"బండి నడిపేది మీరమ్మా. మీ సీటు ఊడితే, పక్కనాయన మిగులుతారా?"

ఆవిడ చెయ్యి ఆగింది. మూటను చూశారు, ఎడమ వైపు ఖాళీ సీటును చూశారు.  ఆ వైపునుంచి ఆవిడ ఎప్పుడూ ఆలోచించలేదు. తనకు వచ్చింది తనతో పోతుందనే అనుకున్నారు పాపం.

"మరి దీన్నేం చెయ్యను?" అన్నారు చిన్నపిల్లలా.

"ఇంట్లో కారు పెట్టే చోట గుమ్మానికి కట్టండి. రోజూ బండి దాని కిందనుంచే కదా వెళ్తుంది."

అది శాస్త్రమో కాదో నాకు తెలియదు. ఆవిడ మూటను బ్యాగులో పెట్టుకుని, బండి ఎక్కి, బెల్టు పెట్టుకుని, మరొకసారి లాగి చూసుకుని వెళ్ళారు. గేటు దగ్గర బ్రేకు లైట్లు వెలిగేదాకా నేను చూస్తూ నిలబడ్డాను.

ఇప్పుడు

నేను దిగిపోయాను. భయం దిగలేదు. రోడ్డు మీద పాత బండి బ్రేకు కొడితే నా కళ్ళు డ్రైవరు సీటు మీదికే పోతాయి.

మొన్న ఎండాకాలంలో భారతమ్మ గారు ఫోన్ చేశారు. రాఘవరావు గారు అలాగే ఉన్నారట, నీరసంగా, వెటకారంగా. "ఉప్పు సంగతి ఆయనకీ ముందే తెలుసటండీ, నాతో చెప్పారు. నాలుగు చివాట్లు పెట్టాను" అన్నారు. తర్వాత గొంతు తగ్గించారు.

"అన్నయ్యగారూ, గుమ్మానికి కట్టిన ఉప్పు ఈసారి అసలు కరగలేదండీ. ఏమన్నా చెడంటారా?"

"ఎండలమ్మా. లాగడానికి చెమ్మ లేదు."

"అంతేనంటారా." నమ్మారో లేదో తెలియలేదు. "వారం వారం మ్యాట్లెత్తి చూస్తున్నానులెండి. రెండు వైపులా. మీ భయం నాకూ అంటించారు."

"ముందు ఎవరి వైపు ఎత్తుతున్నారు?" అని అడిగాను.



"నా వైపేనండీ. నడిపేది నేను కదా" అన్నారు.